పురుగు కొరికాక టమాటా మొక్క నిజంగా ఏమైనా చేస్తుందా?

మేడమీదమొక్కలు:

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా నా బుర్ర తినేస్తున్న సందేహం ఇది.

మా కుండీలోని టమాటా మొక్క కింది ఆకు మీద ఒక లద్దె పురుగు కనిపించింది. ఒక్కటే కదా, ఏం చేస్తుందో చూద్దామని తీయకుండా వదిలేశాను. మొదట్లో ఆకును అంచు నుంచి ఈనె దాకా శుభ్రంగా నమిలేసింది. తర్వాత దాని తీరు మారింది. ఒకచోట కొంచెం కొరకడం, వదిలేసి పైకి పాకడం, అక్కడో రంధ్రం పెట్టడం, మళ్లీ ఇంకో కొమ్మకు పోవడం. చివరికి కాండం దిగి పక్క కుండీలో ఉన్న ఇంకో టమాటా మొక్క ఎక్కింది. అక్కడ మళ్లీ మొదటి రోజులాగే ఆబగా తినడం మొదలుపెట్టింది. మొదటి మొక్క చావలేదు, పురుగూ చావలేదు.

ఒక ఫ్రెండ్‌కి చెబితే "పురుగు కొరకగానే మొక్క విషం తయారు చేసుకుంటుంది, మిగతా ఆకులకు కూడా కబురు పంపుతుంది" అన్నాడు. వినడానికి బాగానే ఉంది గానీ వాట్సాప్ సైన్స్‌లా అనిపించింది. పోనీ నిజమే అనుకుందాం. నేను కత్తెరతో ఆకులు కత్తిరిస్తూనే ఉంటాను కదా, దానికీ పురుగుకీ తేడా మొక్కకు ఎలా తెలుస్తుంది? పైగా తనను తాను అంత బాగా కాచుకునేదైతే పొలాలకు పొలాలు పురుగు పాలు ఎందుకవుతున్నాయి?

తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. లింకులు పడేసి పోకండి ప్లీజ్, మీ మాటల్లోనే చెప్పండి.

సూటిగా:

ఎక్కువ ఊహించుకోకండి. టమాటా ఆకు పుట్టుకతోనే చేదు, దాని ఘాటు వాసన మీకూ తెలుసు. లేత ఆకులు అయిపోయాక ముదురు ఆకులు నచ్చక పోయి ఉంటుంది. అదీ కాకపోతే లద్దె పురుగులు బాగా ఎదిగాక కోశస్థ దశ కోసం మట్టిలోకి దిగుతాయి, కాండం దిగడం అందుకే. మొక్కకు మెదడూ లేదు, నరాలూ లేవు. కబుర్లు పంపుకుంటుందంటే నాకైతే నమ్మబుద్ధి కాదు.

పురుగులబ్రష్:

సూటిగా గారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ఎదిగిన లద్దె పురుగు తిండి మానేసి కిందికి దిగితే అది మట్టి కోసమే కావచ్చు. కానీ ఈ పురుగు దిగి, పక్క మొక్క ఎక్కి, మళ్లీ ఆబగా తిన్నదట. అది ఆ లెక్కలోకి రాదు.

నేను మొక్కలూ పురుగుల మధ్య సంబంధం మీద పనిచేసే ల్యాబులో ఉంటాను. నా పని వినడానికి అంత గొప్పగా ఉండదు. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల పురుగులను సన్న బ్రష్ కొసతో ఎత్తి ఆకుల మీద వదలడం, తర్వాత తూకం వేయడం, వాటి పెంటికలు ఏరడం. ఒకే గుడ్ల ముద్దలోంచి వచ్చిన పిల్లల్లో సగాన్ని ఎవరూ ముట్టని టమాటా ఆకుల మీద, మిగతా సగాన్ని అంతకుముందే పురుగు కొరికిన మొక్క ఆకుల మీద వేసి చూడండి. కొరికిన ఆకులు కూడా కాదు, అదే మొక్క పై భాగంలో ఏ గాయమూ లేని ఆకులు. కొన్నాళ్లకు రెండు డబ్బాలూ పక్కపక్కన పెడితే తూకం కూడా అక్కర్లేదు. ఒక డబ్బాలో పురుగులు నిగనిగలాడుతూ లావుగా ఉంటాయి. రెండోదానిలో అదే వయసు పురుగులు సన్నగా, పొట్టిగా, ఇంకా వెనకటి దశలోనే ఉంటాయి. చచ్చినవి మాత్రం పెద్దగా ఉండవు.

మీ ఫ్రెండ్ మాటలో నేను సరిదిద్దేది ఇక్కడే. "విషం" అనగానే తిన్న పురుగు గిలగిలా కొట్టుకుని చస్తుందని అనుకుంటాం. టమాటాలాంటి మొక్క, పురుగు కొరికాక కొత్తగా చేసే ఏర్పాటులో ఎక్కువ భాగం చంపడానికి కాదు, ఎదుగుదలను సాగదీయడానికి. అది ఎందుకు సరిపోతుందో తర్వాత చెప్తాను.

ఆకులో ప్రోటీన్ తక్కువ. పురుగు పెరగాలంటే ఆ కాస్తా ఒంటికి పట్టాలి. దాన్ని అరిగించడానికి చాలా గొంగళిపురుగుల పేగులో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ లాంటి ఎంజైములు ఉంటాయి. కొరుకుడు పడ్డ మొక్క సరిగ్గా ఆ ఎంజైములను పట్టేసే చిన్న ప్రోటీన్లను తయారు చేస్తుంది. వాటిని ప్రోటియేజ్ నిరోధకాలు అంటారు. తాళంలో ఇరుక్కుని విరిగిపోయిన చెవిలాగా అవి ఎంజైములో దూరి అక్కడే ఉండిపోతాయి. కడుపు నిండా ఆకు ఉంటుంది, ఒంటికి పట్టేది మాత్రం కొంచెమే. లోటు తీర్చుకోవడానికి పురుగు ఇంకా ఇంకా ఎంజైములు తయారు చేసుకుంటుంది. వాటికి ఖర్చయ్యేవి కూడా మళ్లీ అమైనో ఆమ్లాలే, అంటే ప్రోటీన్‌ను కట్టే ఇటుకలే.

ఇది 1972లో బయటపడింది. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో గ్రీన్, క్లారెన్స్ రయన్ అనే ఇద్దరు బంగాళాదుంప, టమాటా మొక్కల మీద కొలరాడో పెంకుపురుగులను వదిలి చూశారు. పురుగు కొరికిన ఆకులోనే కాదు, పురుగు మొహం చూడని ఆకుల్లో కూడా ఈ నిరోధకాలు పోగుపడ్డాయి. కబురు వెళ్తుందని మీ ఫ్రెండ్ చెప్పింది వాట్సాప్ సైన్స్ కాదు, యాభై ఏళ్లు దాటిన పాత సంగతి.

నాకు ఇంకా ముచ్చటేసేది 2005లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చూపించింది. గాయపడ్డ టమాటా ఆకులో ఆర్జినేజ్, థ్రియోనిన్ డీఅమినేజ్ అనే రెండు ఎంజైములు పెరుగుతాయి. వీటి అసలు దెబ్బ తగిలేది పురుగు మింగాకే. గొంగళిపురుగు పేగు మన పొట్టలా ఆమ్లంగా ఉండదు, బాగా క్షారంగా ఉంటుంది. ఆర్జినేజ్ చురుగ్గా పనిచేసేది అలాంటి చోటే. ఆర్జినిన్, థ్రియోనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలను పురుగు సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అవి పేగులోంచి ఒంట్లోకి ఎక్కేలోపే ఈ ఎంజైములు వాటిని విరగ్గొట్టేస్తాయి. మామూలుగా ఆకులోని ప్రోటీన్లన్నీ పేగులో ముక్కలైపోతాయి కదా, థ్రియోనిన్ డీఅమినేజ్ మాత్రం పెంటికల్లో కూడా పనిచేసే స్థితిలోనే దొరుకుతుంది. నేను పెంటికలు ఏరుతానని చెబితే నవ్వేవాళ్లకు ఈ కథ చెప్తుంటాను.

ఇక నరాలు లేకుండా కబురు ఎలా అంటే. పురుగు నమిలినప్పుడు కణాలు చితుకుతాయి. వాటిలోంచి గ్లుటమేట్ బయటికి ఒలుకుతుంది. అది తగలగానే పక్క కణాల్లోకి కాల్షియం దూసుకొస్తుంది, అక్కడి నుంచి ఆ పక్క వాటికి. ఇలా ఈనెల వెంట ఒక అలలా సాగుతుంది. 2018లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో దీన్ని వీడియో తీశారు. కాల్షియం పెరిగిన చోట వెలిగే ప్రోటీన్‌ను అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పెట్టి, దాని ఆకు మీద గొంగళిపురుగును వదిలారు. అల వేగం సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు. ఒకటి రెండు నిమిషాల్లో దూరపు ఆకుకు వార్త అందినట్టే. సూటిగా గారూ, ఆ వీడియో ఒక్కసారి చూస్తే మీ అనుమానం సగం పోతుంది.

టమాటాలో దీనికి తోడు సిస్టెమిన్ అని 18 అమైనో ఆమ్లాల చిన్న ముక్క ఒకటి ఉంది. 1991లో రయన్ బృందమే పట్టుకుంది. అప్పటిదాకా ఇలాంటి పెప్టైడ్ హార్మోన్లు జంతువుల్లోనే ఉంటాయనుకునేవారు. ఏ దారిన వచ్చినా కబురు చివరికి చేరేది జాస్మోనిక్ ఆమ్లం దగ్గరికే. ఆకులోని పత్రహరితపు పొరల్లో ఉండే లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు నుంచి మొక్క దీన్ని తయారు చేసుకుంటుంది. మామూలు రోజుల్లో రక్షణ జన్యువుల మీద జాజ్ అనే ప్రోటీన్లు అడ్డంగా కూర్చుని ఉంటాయి. జాస్మోనిక్ ఆమ్లం ఐసోల్యూసిన్‌తో కలిసి రాగానే కణం ఆ జాజ్ ప్రోటీన్లను ధ్వంసం చేస్తుంది, జన్యువులు పని మొదలుపెడతాయి. అంటే ఏర్పాటంతా ముందే సిద్ధంగా ఉంటుంది, అడ్డు తీయడమే మిగిలిన పని.

కత్తెర విషయం. కత్తెరకు కూడా మొక్క స్పందిస్తుంది, గాయం గాయమే. తేడా తెచ్చేది పురుగు నోటి రసం. 1990లో టర్లింగ్స్, టమ్లిన్సన్, లూయిస్ అనే ముగ్గురు మొక్కజొన్న మొలకలతో చేసిన పని చూడండి. ఉత్తి గాయం చేసిన మొలకలు పెద్దగా వాసన వదల్లేదు. అదే గాయం మీద లద్దె పురుగు కక్కిన రసం రాస్తే, పురుగు తిన్నప్పటిలాగే టెర్పీన్లు అనే, గాలిలో కలిసే పదార్థాల వాసన గుప్పుమంది. 1997లో ఆ రసంలోని పదార్థాన్ని విడదీసి వొలిసిటిన్ అని పేరు పెట్టారు. తమాషా ఏంటంటే వొలిసిటిన్‌లో ఉండే లినోలెనిక్ ఆమ్లం ఆకు నుంచి వచ్చిందే. పురుగు దానికి గ్లుటమిన్ తగిలిస్తుంది. మొక్క తన సరుకునే వేరే రూపంలో తిరిగి చూసి దొంగను గుర్తుపడుతుందన్నమాట.

ఆ వాసన ఎవరి కోసం? లద్దె పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగల కోసం. వాసన పట్టుకుని అవి వచ్చేస్తాయి. సాగదీయడం ఎందుకు సరిపోతుందంటే ఇందుకే. మామూలుగా అయితే చకచకా ఎదిగి మట్టిలోకి దిగిపోవాల్సిన పురుగు ఇంకా చిన్నగా, మెత్తగా, ఆకు మీదే తిరుగుతూ ఉంటే కందిరీగకు, పక్షికి, సాలీడుకు అన్ని రోజులు ఎక్కువ దొరుకుతుంది. అందుకే నేను ఆకు రసాయనాలను విడిగా చూసి "ఇది బలహీనమైన విషం" అనే పేపర్లు చదివితే చిరాకు పడతాను. డబ్బాలో పురుగు బతికే ఉంటుంది, నిజమే. డబ్బాలో కందిరీగ లేదు కదా.

మీ మూడో ప్రశ్నకు ఇప్పుడు టైం లేదు, రాత్రికి రాస్తాను.

సూటిగా:

వీడియో చూశాను. ఒప్పుకుంటున్నా, కళ్ల ముందే వెలుగు పాకుతోంది. కానీ "మొక్కలు మాట్లాడుకుంటాయి" అనే వార్తలు కూడా నిజమేనా మరి?

పురుగులబ్రష్:

ఆ హెడ్డింగులు రాసేవాళ్లను నేనూ భరించలేను. జరిగేది ఇంత. 1990లో ఫార్మర్, రయన్ ఒక మూసిన పెట్టెలో టమాటా మొక్కలతో పాటు సేజ్‌బ్రష్ అనే పొద కొమ్మలు పెట్టారు. ఆ పొద నుంచి మిథైల్ జాస్మోనేట్, అంటే పైన చెప్పిన జాస్మోనిక్ ఆమ్లానికే గాలిలో తేలే రూపం, ఆవిరిగా వస్తుంది. జాజి పూల పరిమళంలో ఉండేది కూడా అదే. గాయమే తగలని టమాటా ఆకుల్లో నిరోధకాలు పెరిగాయి. కోసిన గడ్డి వాసన మీకు తెలుసు కదా, అలాంటి ఆవిర్లు తగిలిన మొక్కజొన్న మొలకలు తర్వాత పురుగు పడ్డప్పుడు ఇంకా గట్టిగా స్పందిస్తాయని 2004లో చూపించారు. ఇందులో ఒకరు చెప్పడం, ఒకరు వినడం ఏమీ లేదు. గాయం నుంచి ఆవిరి ఎలాగూ వస్తుంది, పక్కనున్నది దాన్ని వాడుకుంటుంది. బహుశా మొదట లాభపడేది అదే మొక్కలోని దూరపు కొమ్మ. ఈనెల దారి చుట్టూ తిరిగి వెళ్లాలి, గాలి నేరుగా వెళ్తుంది.

ఇప్పుడు పొలాల సంగతి. ఇంతవరకు చెప్పింది కొరికాక చేసుకునే ఏర్పాటు. కొరక్కముందే సిద్ధంగా ఉండే సరుకు వేరే ఉంది, అక్కడ అసలు విషాలూ ఉన్నాయి. ఆవ, క్యాబేజీ మొక్కల్లో గ్లూకోసినోలేట్లు ఒక కణంలో, వాటిని విరగ్గొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకో కణంలో ఉంటాయి. విడివిడిగా రెండూ సాధువులే. పురుగు నమిలితే గోడలు పగిలి కలుస్తాయి, ఆవ ఘాటు పుడుతుంది. జొన్నలో ధుర్రిన్ ఉంటుంది, ఆకు చితికితే సైనైడ్ వస్తుంది. లేత జొన్న మేసి పశువులు పడిపోయేది దానివల్లే. మొక్కజొన్న మొలకలో డింబోవా ఉంటుంది, లేత వయసులో ఎక్కువ, మొక్క ఎదిగేకొద్దీ తగ్గుతుంది. పత్తి ఆకును వెలుతురుకు పట్టి చూస్తే నల్లటి చుక్కలు కనిపిస్తాయి, ఆ గ్రంథుల నిండా గాసిపోల్. శనగ ఆకును ముట్టుకున్న వేలు నాలుక మీద పెడితే పుల్లగా ఉంటుంది, నూగు కొసల నుంచి కారే మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు అవి. టమాటా కాండం కాసేపు పట్టుకుంటే వేళ్లకు పచ్చ జిగురు అంటి నల్లబడుతుంది, సబ్బు పెడితే నురగ పసుపుగా మారుతుంది. అదీ నూగు గ్రంథుల్లోని సరుకే.

పొగాకు వీటన్నిటికంటే వింత. నికోటిన్ తయారయ్యేది ఆకుల్లో కాదు, వేళ్లలో. అక్కడి నుంచి నీళ్లతో పాటు పైకి ఎక్కుతుంది. టమాటా వేరు మీద పొగాకు అంటుకడితే ఆ పొగాకు ఆకుల్లో నికోటిన్ దాదాపు ఉండదు. పొగాకు వేరు మీద టమాటా అంటుకడితే టమాటా ఆకుల్లోకి నికోటిన్ వచ్చేస్తుంది. 1940లలోనే ఈ అంట్లు కట్టి చూశారు.

ఇంత ఉన్నా పొలం ఎందుకు పోతుందంటే, ముందు పురుగు వైపు నుంచి చూడాలి. మీ క్యాబేజీని తినే డైమండ్ బ్యాక్ పురుగు పేగులో సల్ఫటేజ్ అనే ఎంజైము ఉంది. గ్లూకోసినోలేట్లను మైరోసినేజ్ ముట్టకముందే అది పనికిరాకుండా చేసేస్తుంది. అంతటితో ఆగదు, ఆ మొక్కల ఘాటు వాసననే గుర్తుగా పట్టుకుని తల్లి రెక్కల పురుగు గుడ్లు పెడుతుంది. వేరేవాళ్లను తరిమే వాసన దీనికి అడ్రసు. క్యాబేజీ పేనుబంక ఇంకా ఘనం, తన సొంత మైరోసినేజ్ తయారు చేసుకుని, మొక్క నుంచి పీల్చిన గ్లూకోసినోలేట్లతో తన ఒంట్లోనే అదే ఆయుధం కట్టుకుంటుంది. మొక్కజొన్న కంకి పురుగు ఉమ్మిలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఉంటుంది, అది పడితే పొగాకు నికోటిన్ పెంచడం తగ్గిస్తుంది. మొక్కజొన్నను పీల్చిపిప్పి చేసే కత్తెర పురుగు డింబోవాకు మళ్లీ చక్కెర తగిలించి చప్పబరుస్తుంది. పొలాల్ని ముంచేవి ఎప్పుడూ ఇలాంటివే, ఆ పంట గుట్టు తెలిసినవి. మిగతా వందల రకాల పురుగులు ఆ మొక్క జోలికే రావు, రానివాటిని మనం లెక్కపెట్టం.

రెండోది మనం చేసింది. చేదు, ఘాటు, జిగురు, నూగు మనకూ నచ్చవు కాబట్టి వేల ఏళ్లుగా అవి తక్కువున్న మొక్కల విత్తనాలే దాచుకుంటూ వచ్చాం. అడవి టమాటా బంధువు ఒకటి నూగు నిండా జిగురు చక్కెరలతో చిన్న పురుగుల్ని అక్కడికక్కడే అంటించేస్తుంది. ఇంకోదాని నూగులో ట్రైడెకనోన్ అనే పదార్థం ఉంది, అది నిజంగానే పురుగుల్ని చంపుతుంది. మన కుండీలో టమాటాకు ఆ రెండూ ఆ స్థాయిలో లేవు. కొన్నిసార్లు కావాలని తీసేయలేదు, చూసుకోకుండా పోగొట్టుకున్నాం. మొక్కజొన్న వేరును పురుగు కొరికితే వేరు కారియోఫిలీన్ వదులుతుంది, ఆ వాసనకు మట్టిలోని నులిపురుగులు వచ్చి వేరు పురుగు ఒంట్లోకి దూరి చంపుతాయి. ఉత్తర అమెరికా మొక్కజొన్న రకాల్లో చాలావాటికి ఈ గుణం పోయిందని 2005లో తేలింది. 2009లో ఒరిగానో మొక్క జన్యువును పెట్టి దాన్ని తిరిగి తెప్పించారు. వేళ్ల వాసన చూసి విత్తనం ఎంచుకున్నవాడు ఎవడుంటాడు?

మేడమీదమొక్కలు:

అద్భుతంగా చెప్పారు సార్, థాంక్స్. రెండు చిన్న ప్రశ్నలు. ఆ జాస్మోనిక్ ఆమ్లాన్ని ముందే స్ప్రే చేసేస్తే పురుగు మందు అక్కర్లేదు కదా? రెండోది, పురుగు కొరికిన మొక్క కాయలు తినొచ్చా? ఇదంతా చదివాక కొంచెం టెన్షన్ పట్టుకుంది.

పురుగులబ్రష్:

స్ప్రే ఆలోచన మీకే కాదు, చాలామందికి వచ్చింది. 1999లో జెన్నిఫర్ థేలర్ టమాటా పొలంలో జాస్మోనిక్ ఆమ్లం కొట్టి చూస్తే, లద్దె పురుగుల్లో కందిరీగల పాలైనవి దాదాపు రెట్టింపయ్యాయి. 2017లో ఇంకో సరదా సంగతి. మిథైల్ జాస్మోనేట్ గట్టిగా కొట్టిన టమాటా మీద వదిలిన లద్దె పురుగులు, ఆకు నచ్చక, ఒకదాన్నొకటి తినడం త్వరగా మొదలుపెట్టాయి. ఆకు తినే నోళ్లు తగ్గాయి, మొక్క మిగిలింది. చదవడానికి దారుణంగా ఉంటుంది గానీ లద్దె పురుగులు ఇరుకులో పెడితే మామూలుగానే ఆ పని చేస్తాయి, నాకు డబ్బాల్లో రోజూ కనిపించేదే.

మరి అందరూ ఎందుకు కొట్టడం లేదు? ఖర్చు మొక్కకే పడుతుంది. నిరోధకాలకు, నికోటిన్‌కు నత్రజని కావాలి, అది ఆకుకు, గింజకు పోవాల్సిన నత్రజనే. అడవి పొగాకు మీద ఇయన్ బాల్డ్విన్ 1998లో దీన్ని తేల్చారు. పురుగు పడ్డ చోట జాస్మోనేట్ తగిలిన మొక్కలకు ఎక్కువ గింజలు వచ్చాయి, పురుగు పడని చోట అవే మొక్కలు మిగతావాటికంటే తక్కువ కాశాయి. పురుగు వస్తుందో రాదో తెలియకుండా ముందే కొట్టడం అంటే దిగుబడి పణం పెట్టడమే. మొక్క కొరికేదాకా ఆగడం బద్ధకం కాదు, లెక్క. కుండీల్లో మీరు ప్రయోగం చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు గానీ, మోతాదు ఎక్కువైతే మొక్క గిడసబారుతుంది.

కాయలు తినండి, భయం లేదు. టమాటా కాయలో టొమాటిన్ అనే విష పదార్థం పచ్చిగా ఉన్నప్పుడు ఎక్కువ, పండేకొద్దీ మొక్కే దాన్ని తగ్గించేస్తుంది. ఎందుకంటే పండును ఎవరో ఒకరు తిని గింజలు మోసుకెళ్లాలి. ప్రోటియేజ్ నిరోధకాలు వండితే చాలావరకు పోతాయి.

అయితే మీ టెన్షన్ పూర్తిగా ఉత్తిది కూడా కాదు. 1967లో అమెరికాలో లెనాపీ అని ఒక బంగాళాదుంప రకం విడుదల చేశారు, చిప్స్‌కు బ్రహ్మాండంగా ఉండేది. అడవి దుంపతో సంకరం చేసినది. తీరా చూస్తే సొలానిన్ జాతి పదార్థాలు మరీ ఎక్కువ, తిన్నవాళ్లకు కడుపులో తిప్పింది. 1970లో వెనక్కి తీసుకున్నారు. 1980లలో పురుగులను బాగా తట్టుకునే సెలెరీ రకం ఒకటి వస్తే, దాన్ని రోజూ ముట్టుకునే పనివాళ్ల చేతులకు ఎండ తగిలి బొబ్బలెక్కాయి. అందులో సొరాలెన్లు ఎక్కువ. "పురుగు మందు అక్కర్లేని రకం" అని ఎవరైనా గొప్పగా చెబితే నేను వెంటనే అడిగేది ఒకటే, మరి పురుగు దేనికి భయపడుతోంది?

పత్తిలో మాత్రం దీనికి ఒక చక్కని దారి దొరికింది. గింజలో మంచి ప్రోటీన్ ఉంది, గాసిపోల్ వల్ల మనం తినలేం. 1950లలో అసలు గ్రంథులే లేని పత్తి కనిపెట్టారు. పొలంలో వేస్తే అప్పటిదాకా పత్తి మొహం చూడని పురుగులు కూడా వచ్చి మేశాయి, ఆ రకం నిలబడలేదు. 2006లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో కీర్తి రాథోర్ బృందం గింజలో మాత్రమే గాసిపోల్ తయారీని ఆపింది. ఆకుల్లో, మొగ్గల్లో ఎప్పటిలాగే ఉంది. 2018లో అమెరికా వ్యవసాయ శాఖ ఆ పత్తి సాగుకు అడ్డు తొలగించింది. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంచి, ఎక్కడ వద్దో అక్కడ తీసేయడం. మొత్తంగా తీసేయడం, మొత్తంగా పెంచడం అనే రెండు మొరటు పనులకంటే ఇది నాకు నచ్చుతుంది.

పత్తిచేను:

పత్తి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా అన్నా. మీరు చెప్పినవన్నీ నమిలే పురుగుల గురించే. తెల్లదోమ సంగతేంటి? దానికి ఇవేవీ పనిచేస్తున్నట్టు లేదు.

పురుగులబ్రష్:

తమ్ముడూ, సరైన చోట పట్టుకున్నావు. తెల్లదోమ నమలదు. సన్నటి సూదిలాంటి నోటిని కణాల మధ్య నుంచి జాగ్రత్తగా దింపి ఈనెలోని రసం పీలుస్తుంది. కణాలు చితకవు కాబట్టి ఆవాల ఏర్పాటు లాంటివి పెద్దగా పేలవు. పైగా మొక్కకు అది పురుగులా కాకుండా తెగులులా తోస్తుంది. తెగుళ్ల మీదికి మొక్క తెచ్చేది శాలిసిలిక్ ఆమ్లం దారి. ఆ దారి తెరుచుకుంటే చాలాసార్లు జాస్మోనిక్ దారి నెమ్మదిస్తుంది, తెల్లదోమ పిల్లలకు కావలసింది సరిగ్గా అదే.

ఇంకా పెద్ద దొంగతనం 2021లో బయటపడింది. మొక్కలు ఫినాలిక్ గ్లూకోసైడ్లు అనే విషాలు తయారు చేసుకుంటాయి, అవి తమకే తగలకుండా చప్పబరిచే జన్యువు కూడా వాటికి ఉంటుంది. ఆ జన్యువు ఎప్పుడో మొక్క నుంచి తెల్లదోమలోకి వచ్చేసిందని చైనా శాస్త్రవేత్తలు చూపించారు. మొక్క విరుగుడుతోనే మొక్క విషాన్ని అరిగించుకుంటోంది. ఆ జన్యువును నొక్కేసే ఆర్‌ఎన్‌ఏను టమాటాలో పెడితే దాన్ని పీల్చిన తెల్లదోమలు దాదాపు అన్నీ చచ్చాయి, వాళ్లు పరీక్షించిన వేరే పురుగులకు ఏమీ కాలేదు. రైతు చేతికి వచ్చే దశలో ఉన్నది కాదది, దారి తెలిసింది అంతే.

మేడమీదమొక్కలు:

ఇంత విన్నాక నా కుండీల్లోనే చూడాలనిపిస్తోంది సార్. మీరు చెప్పిన రెండు డబ్బాల పని నేను చేయగలనా?

పురుగులబ్రష్:

చేయొచ్చు. ఒకే రోజు నాటిన, ఒకే రకం టమాటా మొక్కలు రెండు తీసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టొద్దు, పైన చెప్పిన ఆవిర్లు లెక్క తప్పిస్తాయి. ఒకదాని కింది ఆకుకు పల్చటి వల సంచి కట్టి లోపల ఒక ఎదిగిన లద్దె పురుగును వేయండి. రెండో మొక్క ఆకుకు ఉత్తి సంచి కట్టండి, సంచి రాపిడి కూడా మొక్కకు తెలుస్తుంది కాబట్టి. ఒకటి రెండు రోజులయ్యాక పురుగును తీసేసి, రెండు మొక్కల పై ఆకులను కోసి రెండు డబ్బాల్లో వేయండి. ఒకే గుడ్ల ముద్దలోని పిల్లలను సమానంగా పంచండి. వేలితో ఎత్తితే చితికిపోతాయి, సన్న బ్రష్ వాడండి. డబ్బాలో తడి ఎక్కువైతే బూజు పడుతుంది, అడుగున కాగితం వేసి రోజూ మార్చండి, ఆకులూ రోజూ ఆయా మొక్కవే తాజాగా వేయండి.

తూకం వేసే ముందు కొన్ని గంటలు పస్తు పెట్టండి, లేకపోతే కడుపులోని ఆకు బరువు కూడా కలిసిపోతుంది. చిన్న తక్కెడ లేకపోతే పొడవు కొలిచినా తేడా తెలుస్తుంది. మూతకు గాలి రంధ్రాలు సూది మొనతో పెట్టండి. అంతకంటే పెద్దవైతే తెల్లారేసరికి సగం పిల్లలు డబ్బా బయటే ఉంటాయి.